గేటు డ్యూటీ

ఆ ఏడు నల్లగొండలో గ్రూప్స్ ఉద్యోగాల పరీక్షకు గేటు డ్యూటీ నాది. ఒక్క నిమిషం ఆలస్యంగా పరుగెత్తుకొచ్చిన ఒకామె ముఖం మీదే గేటు మూశాను.

"సారూ, జర పోనియ్యుండ్రి. వయసు దాటుతాంది, నాకు గిదే ఆఖరు," అని బతిమాలింది. రూలు రూలేనన్నాను.

సాయంత్రం కదిలిపోతున్న దేవరకొండ బస్సు వెనక నేను పరుగెత్తుతుంటే, "ఆపుండ్రి! ఒక్క నిమిషానికి ఏమైతది?" అని ఫుట్‌బోర్డు మీంచి ఎవరో అరిచారు. ఆమే. చెయ్యందించి నన్ను పైకి లాగింది.

తర్వాత బస్సంతా వినేలా అంది: "నిమిషం లేటయిందని పొద్దుగాల నా పరీక్ష పోగొట్టిన సారు గీయనే. పాపం, ఉరికొచ్చిండు. జర జాగ ఇయ్యుండ్రి."

ముందు సీట్లోని అవ్వ నన్ను ఎగాదిగా చూసి లేచి నిలబడింది. అంత రద్దీలోనూ, దేవరకొండ దాకా ఆ సీట్లో నేను కూర్చోలేకపోయాను. ఇంకెవరూ కూర్చోలేదు.