నోట్లో నిప్పు

మీ ఇంట్లో పొగతాగేవాళ్ళున్నారని ఎవరైనా అంటే గవరమ్మ ఒకప్పుడు కొంగు బిగించి పోట్లాటకు దిగేది. మొగుడు జోగులు పడవ మీద వేటకు పోయే మనిషి, బీడీ ముట్టడు. ఇక అత్త కాళమ్మ చుట్ట సంగతంటారా, అది అండమాన్‌లోని ఆ బంబూఫ్లాట్ మొత్తం మీద ఎవరి లెక్కలోకీ రాదు. శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చిన ఆడవాళ్ళు చుట్టను తిప్పి, వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్నే అడ్డచుట్ట అంటారు. నిప్పు నోట్లోనే, బూడిదా నోట్లోనే. చూసేవాళ్ళకు పెదాలు బిగించుకుని కూర్చున్న ముసలమ్మ కనపడుతుంది, అంతే. దాన్ని పొగతాగడం అంటే కాళమ్మకు ఎక్కడలేని కోపం వచ్చేది. పొగతాగడం మగాళ్ళ పనట!

గవరమ్మ మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు చాతం జెట్టీ దాకా ఫెర్రీ మీద దాటి, పోర్ట్‌బ్లెయిర్‌లో ఆస్పత్రికి వెళ్ళింది. అక్కడి నర్సు బి.పి. చూసి నొసలు ముడిచింది.

"ఘర్ మే కోయీ బీడీ, సిగరెట్ పీతా హై?"

"నహీ దీదీ," అంది గవరమ్మ. ఇంట్లో ఎవరూ తాగరని మనస్ఫూర్తిగానే అంది.

ఎందుకైనా మంచిది, పొగకు దూరంగా ఉండమని ఆ నర్సు హిందీలోనే చెప్పి పంపింది. ఆ మాట ఇంట్లో చెబితే కాళమ్మ అప్పటికప్పుడు పొయ్యి పని తన మీద వేసుకుంది. "పొయ్యి కాడికి రాకు, పొగ. నోపల మంచం మీద తొంగో," అంది. వాడకట్టంతా మెచ్చుకున్నారు, ఇలాంటి అత్త ఎవరికి దొరుకుతుందని. వానలు పట్టుకున్నాయి. ఈ దీవుల్లో వాన మొదలైతే ఇక ఇల్లే జైలు. తలుపు మూసి, కిటికీకి టార్పాలిన్ కట్టి, ఆ ఒక్క గదిలో కోడలి మంచం పక్కనే కూర్చుని, వంట ముగించుకొచ్చిన కాళమ్మ ప్రేమగా కాళ్ళు పిసుకుతూ చుట్ట మీద చుట్ట కాల్చింది. కాళ్ళు ఉబ్బుతుంటే మగపిల్లాడేనని మురిసిపోయింది.

ఎనిమిదో నెలలో గవరమ్మకు తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది, కళ్ళకు చీకట్లు కమ్మాయి. జోగులు ఆమెను వానలో ఫెర్రీ ఎక్కించాడు. ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. తల్లికి బి.పి. పెరిగి పుట్టకముందే పోయిందన్నారు.

తర్వాత కాళమ్మ వీధి కొళాయి దగ్గర అన్న మాటలు గవరమ్మ చెవిన పడ్డాయి. "పొయ్యి పొగ తగలకుండా పువ్వునాగ సూసుకున్నాను. ఏటి సేత్తాం? అది సేతగాని కడుపు." బిందె అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది గవరమ్మ. చేతగాని కడుపు! ఆ మాట రెండేళ్ళపాటు ఆమెతోనే తిన్నది, ఆమెతోనే పడుకున్నది.

మళ్ళీ కడుపు పండినప్పుడు ఆస్పత్రిలో కృపావతి అనే తెలుగు నర్సు ఉంది. అదే ప్రశ్న తెలుగులో అడిగింది. గవరమ్మ అదే జవాబు చెప్పింది. కృపావతి ఆమె చీర కొంగు కాస్త దగ్గరికి లాక్కుని వాసన చూసింది.

"మరి ఇదేంటమ్మా?"

"అదా? మా అత్త సుట్ట. అడ్డసుట్టండీ. నిప్పు నోపలే ఉంటాది, పొగ బైటికి రాదు."

"లోపలికి పోయిన పొగ లోపలే ఉండిపోతుందా? ఊపిరి వదలదా మీ అత్త?"

గవరమ్మ తన కొంగు తనే ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "పోయినసారి నీ బి.పి.కి అదొక్కటే కారణమని నేను చెప్పలేను," అంది కృపావతి. "కానీ కడుపుతో ఉన్నవాళ్ళ పక్కన పొగ తాగితే బి.పి. పెరిగే ముప్పుంది. ఇంట్లో చెప్పి మాన్పించు." మొదటి ముక్క గవరమ్మ చెవికెక్కలేదు. రెండోదే ఎక్కింది.

చెబితే ఏమవుతుంది? గుమ్మం బయట కూర్చుని కాల్చుకుంటుంది. చచ్చిన పిల్లకు అంతేనా ఖరీదు? మాన్పిస్తాను, కానీ ఏడిపించి మాన్పిస్తాను అనుకుంది గవరమ్మ.

కాళమ్మకు బజారు పొగాకు పనికిరాదు. ఊరి నుంచే రావాలి. ఆమె మేనల్లుడు రమణయ్య విశాఖపట్నం ఓడలో ఖలాసీ. ఓడ వచ్చినప్పుడల్లా పొగాకు మూట చాతం జెట్టీ పక్కన టీ కొట్లో పెట్టి పోతాడు. "ఎలగూ ఆస్పత్రికెల్తన్నావు గదే, మూట అట్టుకొచ్చీ," అని పురమాయించింది కాళమ్మే. గవరమ్మ బుద్ధిగా తలూపింది. టీ కొట్లో మూట తీసుకుంది. ఫెర్రీ నడిమధ్యకు రాగానే రెయిలింగ్ మీంచి నీళ్ళలోకి వదిలేసింది. మూట మునగడం చూసి తృప్తిగా వచ్చి కూర్చుంది.

"ఈ ఓడకి రాలేదత్తా."

ఉన్న చుట్టలు అయ్యేదాకా ఉక్కపోత వంకతో గవరమ్మ వసారాలో పడుకుంది. తర్వాతి ఓడకూ పొగాకు రాలేదు. ఆ పై ఓడకూ రాలేదు. కాళమ్మ ఆవులించింది, చేతులు వణికాయి, నోరు ఊరి ఊరి గోడ పక్కనే ఉమ్మింది. పాత పొగాకు డబ్బా గోకి దుమ్ము నాకింది. ఓపలేక పక్కింటి బీడీ తిప్పి పెట్టుకుంటే నాలుక కాలింది. ఆ కాలిన నాలుకకు గవరమ్మ గంజి చల్లార్చి ఇచ్చింది, ఉప్పు కాస్త ఎక్కువే వేసి. కాళమ్మ రమణయ్యకు శాపనార్థాలు పెడుతుంటే పక్కనే కూర్చుని "అవునత్తా, మరీ అన్నాయం" అని వంత పాడింది. అంత సంతోషం ఆమెకు పెళ్ళిలో కూడా కలగలేదు.

ఈసారి బిడ్డ కేరుమని పుట్టింది. మళ్ళీ ఆడపిల్లే.

పిల్లను చూడ్డానికి రమణయ్య వచ్చాడు, చంకలో పొగాకు మూటతో. "ఏటత్తా, ఓడోడకీ అంపిన పొగాకు బాగున్నాదా?" అన్నాడు నవ్వుతూ.

కాళమ్మ మెల్లగా కోడలి వైపు తిరిగింది.

"సవుద్రంలో పడేసినాను," అంది గవరమ్మ. "నీ సుట్ట పొగే నా మొదటి పిల్లని తినేసింది. సేతగానిది నా కడుపు కాదు. నువ్వొదిలిన ఊపిరి." కృపావతి చెప్పింది చెప్పినట్టు, తాను విన్నంత మేరకు, ముసలిదాని మొహాన కొట్టింది.

కాళమ్మ గోడకు జారబడింది. "నాకు తెల్దే," అంది.

"నాకూ తెల్దు. తెల్దు గనకే నువ్వింకా ఈ ఇంట్లో ఉన్నావు."

రమణయ్య చేతిలోంచి మూట తీసుకుని చాప మీద పెట్టింది గవరమ్మ. దాని పక్కన పిల్లను పడుకోబెట్టింది. "ఏదో ఒకటే తీసుకో."

కాళమ్మ ఏడుస్తూనే వంగింది. పిల్ల కోసమే వంగింది, అది గవరమ్మకూ తెలుసు. కానీ నెలల తరబడి పొగాకు కోసం అలమటించిన ఆ చెయ్యి ముందుగా మూట మీదికి పోయింది. నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది గానీ అప్పటికే ఆలస్యమైంది. గవరమ్మ పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మూటను కాళమ్మ తనే తీసుకెళ్ళి సముద్రంలో పడేసింది. మళ్ళీ చుట్ట ముట్టలేదు. అయినా గవరమ్మ పిల్లను ఆమె చేతికి ఇవ్వలేదు, జోగులు బతిమాలినా సరే.

పిల్లకు నడక వచ్చాక ఒకనాడు తనంత తానే తప్పటడుగులు వేసుకుంటూ పోయి నానమ్మ ఒళ్ళో కూర్చుంది. గవరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. పిలవలేదు. పిల్ల తిరిగొచ్చాక ఎత్తుకుని, జుట్టులో ముక్కు పెట్టి వాసన చూసింది. కొబ్బరి నూనె వాసన తప్ప ఏమీ లేదు.

మర్నాడు కూడా వాసన చూసింది.