మొండికెయ్యని బండి

నా బండిని ఎవరైనా ఒక్క మాటంటే నాకు చర్రున కోపమొస్తుంది. ముందే చెప్పేస్తే మంచిది. మా ఆవిడకు ఈ సంగతి తెలుసు గనక నన్ను ఎన్ని మాటలైనా అంటుంది గానీ బండి జోలికి పోదు.

అది మూడొందల యాభై సీసీ క్రూజరు. నల్లది. సీటు కిందికి ఉంటుంది, హ్యాండిలు వెడల్పుగా ఉంటుంది, కాళ్ళు కాస్త ముందుకు చాపుకుని కూర్చోవాలి. మదనపల్లెలో మా వీధివాళ్ళు దాన్ని పడక్కుర్చీ అంటారు. ఆ ఒక్క మాటకు మాత్రం నాకు కోపం రాదు, ఎందుకంటే అది నిజం. రోజంతా ఊళ్ళు తిరిగొచ్చినా నడుము నొప్పి అనేది ఎరగను.

తిరగడమే నా ఉద్యోగం. నేను గోపాలమిత్రను. ఎవరి ఆవైనా ఎదకొచ్చిందని ఫోన్ చేస్తే వాళ్ళ ఇంటి దగ్గరికే వెళ్ళి చూడి కట్టేలా ఎద సూది వేస్తాను. పొద్దున ఎదకొచ్చిన ఆవుకు సాయంత్రం, సాయంత్రం ఎదకొచ్చిన ఆవుకు మర్నాటి పొద్దున వేయాలి. ఆ గడువు దాటితే మళ్ళీ ఇరవై ఒక్క రోజులు ఆగాల్సిందే. అందుకే మా పనిలో బండి మొండికేసిందంటే రైతు నోట్లో మట్టి కొట్టినట్టే.

ఈ బండిని కుప్పంలో ఒక రిటైరైన మాస్టారి దగ్గర కొన్నాను. ఆయన దాన్ని దేవుడి పటం తుడిచినట్టు తుడిచేవారు. తాళంచెవి నా చేతిలో పెడుతూ, "ఇది మొండికెయ్యదప్పా. నువ్వు మొండికెయ్యకుంటే సాలు" అన్నారు. అప్పుడు ఆ మాట తలకెక్కలేదు. నా ధ్యాసంతా బండి మీదే ఉంది. కుప్పం నుంచి వి.కోట, పలమనేరు, పుంగనూరు మీదుగా ఇంటికి వస్తుంటే ఆ రోజు నాకు కలిగిన సంతోషం పెళ్ళిలో కూడా కలగలేదు. ఈ ముక్క మా ఆవిడ ముందు అనకూడదు గానీ, నిజం. పలమనేరు దాటాక మామిడితోపుల మధ్య ఎవరూ లేరని చూసుకుని, హెల్మెట్‌లో గొంతెత్తి పాడాను. నాకు పాట రాదు. ఇంజను శబ్దంలో నా పాట నాకే బాగా వినిపించింది.

ఆ శబ్దమే నాకు ప్రాణం. డుగ్గు డుగ్గుమని, తొందర లేకుండా, కడుపు నిండిన మనిషి నడిచినట్టు ఉంటుంది. వెనక చక్రం పక్కన ఇనుప ఫ్రేము చేయించి అందులో నైట్రోజన్ క్యాను పెట్టుకున్నాను. వీర్యం స్ట్రాలు ఆ చలిలోనే ఉంటాయి. రైతు వాకిట్లో ఆగి, క్యాను మూత తీసి, స్ట్రాను వేడినీళ్ళ ఫ్లాస్కులో వేసి, సూది వేసే గన్ను సిద్ధం చేసుకునే దాకా ఇంజను ఆపేవాణ్ణి కాదు. ఎందుకాపాలి? అలా వింటూ పని చేసుకుంటే నాకు హాయిగా ఉండేది.

పుంగనూరు రోడ్డు మీద నుంచి పక్కకు తిరిగి ఒక మిట్ట దిగితే చిన్న ఊరుంది. ఆ ఊళ్ళో ఒక అక్క ఉంది. చుట్టం కాదు, వయసులో పెద్దది కాబట్టి అక్కా అంటాను. మనిషి ఒంటరిది. ఏళ్ళ తరబడి టమోటా చేలల్లో కూలికి వంగి వంగి, ఒక ఎర్ర పెయ్యదూడను కొని పెంచింది. అది ఆవై ఒక ఈత ఈనాక, "ఇంక ఒకరి సేన్లోకి వంగేది లేదప్పా" అని కొడవలి చూరులో దోపేసింది. పాలు పోసుకుంటూ బతుకుతోంది. ఆ ఎర్రావు రెండో ఈతకు చూడి కట్టాలి. కట్టడం లేదు.

మూడుసార్లు సూది వేశాను. మూడుసార్లూ ఇరవై ఒకటో రోజుకు మళ్ళీ ఎదకొచ్చింది. పాలు గ్లాసుకు దిగిపోయాయి. పక్కింట్లోనే ఉండే ఆమె అన్న రోజూ ఒకటే పాట. "ఒట్టిపోయిన ఆవుకు యాల మేపు దండగ? పుంగనూరు సంతకు తోలేద్దాం." ఆయన చెడ్డవాడు కాదు, ఆయన లెక్క ఆయనది. ఆవు పోతే ఆమె మళ్ళీ చూరులో కొడవలి తియ్యాల్సిందే.

మొదట ఆమె దిష్టి అనుకుంది. నా బండి హ్యాండిలుకు నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కట్టింది. కట్టించుకున్నాను. ఏమీ కాలేదు. మూడోసారీ తప్పాక, నేను సంచీ సర్దుకుంటుంటే నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒక మాట చెప్తా, కోపం సేసుకోవద్దప్పా."

"చెప్పక్కా."

"నీ బండి మిట్ట దిగతానే నా ఆవు నెమరేసేది మానేస్తాది. చెవులు నిక్కబొడిచి గుంజ సుట్టూ తిరగతాది. మొన్న నువ్వు ఈడికి రాకుండా పక్కూరికి పోయినావే, ఆ పొద్దు గూడా అంతే. సూదికి కాదప్పా, నీ బండి శబ్దానికే అది బెదరతాండాది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇన్ని ఊర్లు తిరగతాండా. ఏ ఊర్లో ఆవుకూ లేని భయం నీ ఆవుకేనా?"

"ఆ ఆవులన్నీ భయం లేదని నీతో చెప్పినాయా?" అందామె.

మాట నెగ్గనప్పుడు నేను ఏం చేస్తానో అదే చేశాను. బండెక్కి, అవసరం లేకపోయినా యాక్సిలేటర్ తిప్పి, ఊరంతా దద్దరిల్లేలా మిట్ట ఎక్కిపోయాను.

ఆ ఆదివారం మా ఆవిడను ఎక్కించుకుని హార్స్లీ హిల్స్‌కు పోయాను. కోపం వస్తే మేము పోయేది అక్కడికే. సగం మలుపులకు కోపం దిగుతుంది, పైకి చేరేటప్పటికి ఆకలేస్తుంది. పైన చల్లగాలిలో మిరపకాయ బజ్జీలు తింటూ, ఆ అక్క ఎంత మాటందో చూడు అని చెప్పుకున్నాను. మా ఆవిడ నా పక్షం మాట్లాడుతుందనుకున్నాను.

"నువ్వు ఇంటికొచ్చేటప్పటికి కాఫీ ఎట్ల రెడీగా ఉంటాది?" అందామె.

"ఎట్ల?"

"సందు మలుపులోనే నీ బండి శబ్దం ఇనపడతాది. అప్పుడే స్టవ్ మీద పాలు పెడతా. ఇన్ని బండ్లు పోతాండినా నీ బండి యాదో నాకు తెలుస్తాది. నాకు తెలిసేది ఆవుకు తెలీదా?"

నోట్లో బజ్జీ నోట్లోనే ఉండిపోయింది. ఎదలో ఉన్న పశువును బెదరగొట్టవద్దు, బెదిరితే చూడి నిలవదు అని మా ట్రైనింగులో మొదటి వారమే చెప్పారు. ఆ ముక్క నేను రైతులకు ఎన్నిసార్లు చెప్పుంటానో! కొట్టొద్దు, అరవొద్దు, కుక్కను దూరంగా కట్టెయ్ అని అందరికీ చెప్పి, నేను మాత్రం కొట్టం ముందర డుగ్గు డుగ్గుమనిపిస్తూ కూర్చున్నాను. అసలు కారణం అదేనని ఏ డాక్టరూ రాసివ్వడు. కానీ నాకు సిగ్గేసింది. కొండ దిగేటప్పుడు ఒక్కసారి కూడా యాక్సిలేటర్ గట్టిగా తిప్పలేదు.

నాలుగోసారి ఎర్రావు సాయంత్రం ఎదకొచ్చిందని అక్క ఫోన్ చేసింది. గొంతు పీలగా ఉంది. "మా యన్న ఇదే ఆకరు అన్నాడప్పా. ఈసారి గూడా కట్టకపోతే సంతకే."

మర్నాడు తెల్లవారాక మిట్ట మీదికి చేరి ఇంజను ఆపేశాను. బండిని అక్కడే వదిలి క్యాను చేత్తో పట్టుకుని నడిచి పోవచ్చు కదా అంటారు. నిజమే. దాదాపు రెండొందల కేజీల బండిని తొయ్యడం కష్టం. దాన్ని కంటికి ఆనకుండా రోడ్డు మీద వదిలిపెట్టడం నాకు అంతకంటే కష్టం. మిట్ట వాలులో దొర్లించుకుంటూ దిగాను. వాలు అయిపోయాక దిగి తోశాను.

ఊరి మొదట్లోనే టీ అంగడి. ఆ బెంచీ మీద కూర్చుని, నా బండి పుట్టి బుద్ధెరిగి మొండికెయ్యలేదని నేను ఎన్నిసార్లు గొప్పలు కొట్టానో అక్కడున్న అందరికీ గుర్తుంది.

"అదో, పడక్కుర్చీ పండుకుండాది!" అన్నారొకరు.

"మొండికెయ్యదంటివే!" అన్నారు ఇంకొకరు.

అక్క అన్న కూడా అక్కడే ఉన్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, "దీన్ని గూడా ఎర్రావుతో పాటే సంతకు తోలాల్సిందే" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. నోరు తెరిస్తే గొడవ, గొడవకు ఆవు బెదురుతుంది. నోరు మూసుకున్నాను. నా జీవితంలో అదే మొదటిసారి.

అంతటితో పోలేదు. పాపం మంచివాళ్ళు, లేచొచ్చి వెనక చేతులు వేశారు. "గేర్లో ఎయ్యప్పా, తోస్తాం, అదే పట్టుకుంటాది" అంటారు. పట్టుకుంటే కొంప మునుగుతుంది! తాళం తిప్పకుండా, గేరు వెయ్యకుండా, క్లచ్చు నొక్కిపట్టి, "లేదన్నా, లోపలేదో పెద్ద రిపేరుంది" అని నా నోటితో నేనే నా బండి మీద చాడీ చెప్పాను. ఆ అబద్ధం చెబుతూ పెట్రోలు ట్యాంకు మీద చెయ్యి వేసి నిమిరాను కూడా.

కొట్టంలో ఎర్రావు నెమరేస్తూ నిలబడి ఉంది. నన్ను చూసి తల తిప్పింది, అంతే. అక్క దాని గంగడోలు గోకుతూ నిలబడింది. స్ట్రాను వేడినీళ్ళలో కరిగించి, గన్నులో ఎక్కించి, నెమ్మదిగా పని ముగించాను. గుంజ చుట్టూ తిరగలేదు, ఎగరలేదు. అక్క నా చెమట చూసింది, వాకిట్లో బండిని చూసింది. ఆమెకు అంతా అర్థమైంది.

"ఎవరితోనూ చెప్పొద్దక్కా" అన్నాను. "తెలిస్తే ఇంక చూడి నిలవక పొర్లిన ప్రతి ఆవుకూ నా బండే కారణమంటారు."

"నా కడుపులో పెట్టుకుంటా పోప్పా" అంది.

మళ్ళీ మిట్ట పైదాకా తోసుకెళ్ళాను. పైన ఎవరూ లేరని చూసుకుని బటన్ నొక్కితే ఒక్క దెబ్బకు పలికింది. దానికి ఏం తెలుసు పాపం, ఊళ్ళో దాని పరువు పోయిందని!

ఇరవై ఒకటో రోజు వచ్చింది. ఆ రోజు ఫోన్ మోగినప్పుడల్లా ముందు ఎవరి పేరో చూశాను. అక్క కాదు. ఇరవై రెండు, ఇరవై మూడు. ఇరవై నాలుగో రోజు ఆగలేక నేనే ఫోన్ చేశాను.

"అక్కా, ఏమన్నా..."

"నోరు మూసుకోప్పా, దిష్టి పెట్టొద్దు!" అని పెట్టేసింది.

మూడు నెలలు దాటే దాకా ఆ ఊరికి వేరే ఆవుల కోసం వెళ్ళిన ప్రతిసారీ బండిని తోసుకునే పోయాను. టీ అంగడి వాళ్ళు నవ్వడం మానేసి జాలిపడటం మొదలుపెట్టారు. అదే ఎక్కువ బాధ. పుంగనూరులో మంచి మెకానిక్ ఉన్నాడని ఒకాయన దారి కూడా చెప్పాడు.

చూడి పరీక్ష రోజున అక్క వాకిట్లో ఆమె అన్న, టీ అంగడి వాళ్ళు నలుగురూ చేరారు. భుజం దాకా గ్లోవు వేసుకుని చెయ్యి లోపలికి పెట్టాను. వేళ్ళతో వెతికాను. నీళ్ళు నింపిన బుడగలాగా మెత్తగా, నిండుగా తగిలింది.

"కట్టిందక్కా! మూడో నెల దాటింది."

అక్క ఎర్రావు మెడ పట్టుకుని భోరున ఏడ్చి, అంతలోనే నవ్వింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి అవతారం అలా ఉంది గనక తుడుచుకోవడానికి కూడా లేదు.

ఆమె అన్న తల పంకించాడు. "ఆవు కట్టిందిలే. నీ బండే ఇంకా దారికి రాలేదు. దాన్ని మాత్రం అమ్మెయ్యప్పా."

అక్క గిరుక్కున తిరిగింది. "మాట తప్పతాండా, ఏమనుకోవద్దప్పా" అని నాతో అని, అన్న మీదికి పోయింది. "బండికేమీ రోగం లేదు. నా ఆవు బెదరతాదని ఈయప్ప మిట్ట మీదే ఆపేసి, మూన్నెల్లుగా తోసుకొస్తాండాడు. మీరంతా ఎగతాళి సేస్తాంటే నోరెత్తలేదు. నువ్వు నా ఆవును అమ్మేదానికి సూస్తివి. ఈయప్ప దానికోసరం బండి పరువునే అమ్ముకున్నాడు!"

ఆమె అన్న నన్ను చూశాడు, బండిని చూశాడు. పంచె ఎగ్గట్టి బండి వెనక్కి వెళ్ళి చేతులు ఆనించాడు. "హ్యాండిలు పట్టుకోప్పా. మిట్ట దాకా నేను తోస్తా."

మిగతావాళ్ళూ చేతులు వేశారు. అక్క కూడా కొంగు దోపుకుని మా వెంట నడిచింది. మిట్ట మీద బటన్ నొక్కాను. ఒక్క దెబ్బకు డుగ్గుమంది. ఆ నలుగురూ చప్పట్లు కొట్టారు. కుప్పం మాస్టారి మాట అప్పుడు తలకెక్కింది. మొండికేసింది బండి కాదు, నేనే.

"ఈ పొద్దు సంత గదా" అంది అక్క వెనక సీటు ఎక్కుతూ. "పా, పుంగనూరుకు పోదాం."

ఆవును తోలుకుపోవాల్సిన సంతకు ఆవుకు సామాను కొనడానికి పోయాం. దారి పొడుగునా ఆమె నా భుజం గట్టిగా పట్టుకుని, "ఇంకొంచెం బిరీన, ఇంకొంచెం బిరీన" అంటూనే ఉంది. కొత్త పలుపు, మెడకు ఒక కంచుగంట కొంది. గంటను పది అంగళ్ళలో మోగించి చూసి గానీ తీసుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు మిట్ట మీద నేను ఆపే లోపలే నా వీపు తట్టింది. ఇంజను ఆపేశాను. వాలులో దిగుతుంటే ఆమె ఒళ్ళో గంట ఒక్కటే మోగుతూ వచ్చింది. వాకిట్లో ఆమె అన్న ఎదురొచ్చాడు.

"ఏమప్పా, మళ్ళీ నిలిచిపోయిందా?"

"అవునన్నా" అన్నాను దిగి తోస్తూ. "మీ ఊర్లోకి వస్తే దీనికి ఎప్పుడూ ఇంతే."