మంత్రిగారు చదివిన నా ఉత్తరం

మా ఊరి బడికి రెండేళ్ళపాటు కప్పు లేకుండా చేసింది ఎవరని అడిగితే ముసలివాళ్ళు గాలివాన అంటారు, పడుచువాళ్ళు ప్రభుత్వం అంటారు. రెండూ అబద్ధాలే. గాలివానలో సగం, అంటే వాన, మా ఊరి వైపు రాదు. ప్రభుత్వం అంతకన్నా రాదు. ఆ ఘనకార్యం చేసినవాణ్ణి నేను. ఒకే ఒక్క ఉత్తరంతో చేశాను. ఆ ఉత్తరం హైదరాబాదు దాకా పోయి, నిండు శాసనసభలో మంత్రిగారి నోట పలికి, రాష్ట్రాన్నంతా నవ్వించి, చివరికి నా ముఖాన వచ్చి పడింది. ఇప్పుడు కూడా అది గుర్తొస్తే, ఇంట్లో ఎవరూ లేకపోయినా సరే, తువ్వాలు ముఖం మీదికి లాక్కుంటాను.

డెబ్బైల చివరి రోజులు. నాకు ముప్ఫై ఏళ్ళు. ధర్మవరానికీ బత్తలపల్లెకూ నడుమ ఉన్న మా ఊర్లో బి.ఏ. చదివింది నేనొక్కణ్ణే. (చదివానన్నాను, పాసయ్యానని అనలేదు, గమనించండి. ఒక సబ్జెక్టు మిగిలిపోయింది.) ఎవరికి అర్జీ కావాలన్నా మా ఇంటి అరుగు ఎక్కాల్సిందే. ఊరంతా నన్ను లాయరప్ప అని పిలిచేది. అది ఎగతాళి అని తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

కరువు మాకు చుట్టం కాదు, ఇంటి మనిషి. చుట్టమైతే ఎప్పుడో ఒకప్పుడు పోతాడు. చేన్లో వేరుశనగ ఎండిపోయిన ఏడు ప్రభుత్వం భూమి శిస్తు మాఫీ చేసేది. తాలూకా ఆఫీసు నుంచి ఆ కబురు ఎన్నిసార్లు వచ్చిందంటే, చివరికి మా ఊరికి ఒక నమ్మకం కుదిరిపోయింది: ఎండితే కట్టక్కర్లేదు. ఏది కట్టక్కర్లేదు? ఏదైనా.

ఆ 'ఏదైనా'కు చట్టబలం చేకూర్చింది నేను.

ఒకరోజు పంచాయతీ బిల్ కలెక్టరు ఖాసీం సాబు రసీదు పుస్తకం చంకన పెట్టుకుని మా అరుగు దగ్గర సైకిలు ఆపాడు.

"లాయరప్పా, ఇంటి పన్ను."

"ఏం పన్ను సాబూ? యాడుండాది పంట?"

"పంట చేన్లో కదప్పా ఎండింది. ఇది ఇంటికి. ఇల్లు ఎండలేదు కదా?"

అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ అరుగు మీద పదిమంది ఉన్నారు. పదిమంది ఉంటే నా నాలుక నా మాట వినదు.

"సాబూ, భూమికి శిస్తు మాఫీ అయింది కదా? ఇల్లు యాడుండాది? ఆ భూమి మీదనే కదా? కింద ఉండేది మాఫీ అయితే పైనుండేదానికి పన్ను యాడ్నించి వస్తాది? ఇల్లేమన్నా గాల్లో ఉండాదా?"

"ఆహా!" అన్నారు పదిమందీ. అవతల వీధి నుంచి కూడా చప్పట్లు వినిపించాయి. (అబద్ధం. అవి ఎవరో చేట దులుపుకుంటున్న చప్పుడు.)

ఖాసీం సాబు తల గోక్కున్నాడు. "నాకు ఈ లా పాయింట్లు తెల్దు సామీ. నువ్వు చెప్పిన ముక్క కాయితం మీద రాసియ్యి. పైవాళ్ళు అడిగితే చూపిస్తా."

కాయితం అనడమే ఆలస్యం, అర ఠావు నింపేశాను. 'కరువు కోరలలో నలుగుచున్న ప్రజలనుండి ఇంటి పన్ను కోరుట, ఎండిన ఆవును పిండుటయే గాక దాని దూడను కూడ పిండుట యగును. మాఫీ యైన భూమిపై నిలిచిన గృహము సైతము మాఫీయే. కావున ఈ గ్రామస్థులు ఒక్క పైసయు చెల్లింపరాదని నేను సలహా ఇచ్చియున్నాను.' కింద సంతకం. సంతకం కింద, కొంచెం పెద్ద అక్షరాలతో, బి.ఏ.

ఖాసీం సాబు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "బాగా రాసినావప్పా. భద్రంగా పెడతా."

ఎంత భద్రంగా పెట్టాడో తర్వాత తెలిసింది.

మూడేళ్ళు మా ఊర్లో ఎవరూ ఇంటి పన్ను కట్టలేదు. నా పేరు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పాకింది. సలహా కోసం పొరుగూళ్ళ నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. సరే, ఒక్కడు వచ్చాడు. వాడు కూడా తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ వచ్చాడు.

ఆ మూడో ఏటి వేసవి సెలవుల్లో బడి కప్పు కూలింది. పాతకాలపు మట్టిమిద్దె, దూలాలు చెదలు తినేశాయి. సెలవులు కాబట్టి పిల్లలు బతికిపోయారు. బడికంతా ఒకే అయ్యవారు, సుంకన్న సారు. ఆయన ఐదు తరగతులనూ ఒక గొర్రెల దొడ్లోకి మార్చాడు. పొద్దున గొర్రెలు బయటికి, పిల్లలు లోపలికి. సాయంత్రం పిల్లలు బయటికి, గొర్రెలు లోపలికి. గొర్రెలకు హాజరు పట్టీ లేదు, అంతే తేడా.

ఇన్‌స్పెక్టరు వచ్చి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చూశాడు. వచ్చే జూన్‌లోపల రెండు గదులు లేవకపోతే నాలుగు, ఐదు తరగతులను బత్తలపల్లెకు మార్చేస్తామని చెప్పిపోయాడు. అంత దూరం మగపిల్లలైతే నడుస్తారు. ఆడపిల్లల్ని ఎవరూ పంపరు. నా కూతురు రత్న ఆ జూన్‌కే నాలుగో తరగతిలోకి రావాలి.

సుంకన్న సారు నా దగ్గరికి వచ్చాడు. "లాయరప్పా, నీ పెన్నుకు పని పడింది. ఈ సంగతి మన ఎమ్మెల్యేతో అసెంబ్లీలో అడిగిస్తావా?"

"అడిగించడం కాదు సారూ, గవర్మెంటును గడగడలాడిస్తా చూడు."

మా ఎమ్మెల్యేను తాలూకా అంతా పెద్దన్న అనేది. వేరుశనగ రైతు, మితభాషి. నేను పోయి విషయం చెప్తే మీసం దువ్వుకుంటూ విన్నాడు.

"ప్రశ్న నువ్వే రాయప్పా. పాయింటు గట్టిదేనా? ఆడ నలుగుర్లో నా తల దిగగూడదు."

"అన్నా, మంత్రికి నోరు పెగలదు. రాసిపెట్టుకో."

రాశాను. 'అనంతపురం జిల్లాలోని ఫలానా గ్రామ ప్రజలు కరువులో సైతము ఇంటి పన్నును, దానితో పాటు విద్యా సెస్సును క్రమము తప్పక చెల్లించుచుండగా, వారి బడికి కప్పు వేయుటకు ప్రభుత్వము నిధులు ఇవ్వకపోవుటకు కారణమేమి?'

'క్రమము తప్పక చెల్లించుచుండగా' అని రాసేటప్పుడు నీ పాత ఉత్తరం నీకు గుర్తు రాలేదా అని మీరు అడగవచ్చు. ఒట్టు, రాలేదు. సలహా ఇచ్చినవాడికి జ్ఞాపకం ఉండదు. పాటించినవాడికే ఉంటుంది.

ప్రశ్న వచ్చే రోజుకు నేనూ పెద్దన్న వెంట హైదరాబాదు బయల్దేరాను. పోయేముందు ఊరంతా తిరిగి, "సాయంత్రం పంచాయతీ రేడియో కాడ కూర్చోండి, అసెంబ్లీ ముచ్చట్లు చెప్తారు, మన ఊరి పేరొస్తాది" అని చెప్పి మరీ పోయాను. అంటే నా ఉరితాడును నేనే పేని, నూనె రాసి, చూడ్డానికి జనాన్ని కూడా పిలిచి పోయానన్నమాట.

శాసనసభలో సందర్శకుల గ్యాలరీ ముందు వరసలో కూర్చున్నాను, పెద్దన్నకు బాగా కనిపించాలని. సభ కిటకిటలాడుతోంది. (నిజానికి సగం కుర్చీలు ఖాళీ, ఇద్దరు కునుకుతున్నారు. ఆ ఇద్దరినీ లేపింది నేనే, కాసేపాగండి.)

పెద్దన్న లేచి ప్రశ్న చదివాడు. మంత్రిగారు లేచి కళ్ళజోడు సర్దుకున్నారు.

"అధ్యక్షా, ఇది నిజం కాదండి. ఆ ఊరి బడికి రెండు గదులు రెండేళ్ళ కిందటే మంజూరు చేశాం. పంచాయతీ తన వాటా కట్టాలి. ఆ వాటా ఇంటి పన్నులోంచి రావాలి. ఆ ఊర్లో మూడేళ్ళుగా ఎవరూ ఇంటి పన్ను కట్టలేదండి."

పెద్దన్న తడబడ్డాడు. "కరువుకు కట్టలేకపోయినారేమో అధ్యక్షా!"

"కరువు వల్ల కాదండి. ఒక ఉత్తరం వల్ల."

ఖాసీం సాబు జేబు అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"కలెక్టరుగారు ఆ ఉత్తరం నకలు పంపించారు. సభ్యుల సౌకర్యార్థం చదువుతాను."

చదివారు. చక్కగా, గొంతు సవరించుకుని, మధ్యమధ్య ఆగుతూ చదివారు. ఎండిన ఆవు దగ్గర ముందు వరస నవ్వింది. దూడ దగ్గర సభంతా నవ్వింది. కునుకుతున్న ఇద్దరూ అప్పుడే లేచారు. అధ్యక్షులవారు ఒక చేత్తో గంట కొడుతూ రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నారు.

"సంతకం ఎవరిదో కూడా చెప్పాలి అధ్యక్షా!" ఎవరో అరిచారు.

మంత్రిగారు నా పేరు చదివారు. ఒక్క క్షణం ఆగి, "బి.ఏ." అన్నారు.

"అధ్యక్షా, అయితే యూనివర్సిటీ మీద కూడా విచారణ వెయ్యాలి!"

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. మా ఊరి పుణ్యమా అని ఆరోజు చెప్పేవాడికి అడిగేవాడు లోకువైపోయాడు. పెద్దన్న మెల్లగా తలెత్తి గ్యాలరీ వైపు చూశాడు. నేను ముందు వరసలోనే ఉన్నాను కదా, బాగానే కనిపించాను.

తిరుగు రైలు గుత్తిలో ఆగింది. పెద్దన్న దిగి రెండు టీలు తీసుకుని ఒకటి నా చేతిలో పెట్టాడు.

"తాగప్పా."

"అన్నా, నా వల్ల నీ పరువు..."

"నా పరువు సంగతి ఇడిసిపెట్టు. రెండేళ్ళ కింద శాంక్షనైన గదులంట. పాత కప్పు కూలకముందే. నువ్వు గమ్మునుండింటే ఈపొద్దు పిల్లోళ్ళు ఆ దొడ్లో కూర్చోవాల్సిన కర్మ లేదు కదప్పా."

ఆ టీ ఎలా ఉందో నాకు తెలియదు. తాగానో లేదో కూడా తెలియదు.

ఊర్లో దిగేసరికి రేడియో తన పని తాను చేసేసింది. బోరింగు దగ్గర నీళ్ళు కొడుతున్న ఆడవాళ్ళు బిందెలు దించి మరీ పలకరించారు. "ఏమప్పా లాయరప్పా, దూడ ఎన్ని పాలిచ్చింది?" మా ఆవిడ సంగటి ముద్ద పళ్ళెంలో పెట్టింది. మామూలుగా పెట్టేదే, ఆరోజు కొంచెం ఎత్తు నుంచి పెట్టింది.

సుంకన్న సారు తిట్టలేదు. "కట్టొద్దని చెప్పిన నోటితోనే కట్టమని చెప్పల్ల. ఖాసీం సాబుతో పాటు ఇల్లిల్లూ తిరుగు" అన్నాడు.

తిరిగాను. రసీదు పుస్తకం నేను పట్టుకుని ముందు, ఖాసీం సాబు చేతులూపుకుంటూ వెనక. మొదటి గడప మా నాయనది.

"నాయనా, ఇంటి పన్ను కట్టల్ల."

"కట్టద్దని బి.ఏ. చదివినోడు చెప్పినాడు. కట్టమని ఎవురు చెప్తాండారు?"

"నేనే నాయనా."

"ఆయప్ప చదివినోడు. నువ్వెవురు?"

దుడ్లు మాత్రం ఇచ్చాడు. నా చేతికి కాదు, ఖాసీం సాబు చేతికి. తర్వాతి ఇళ్ళలో కూడా అంతే. ఒక ముసలమ్మ తన ఇంటి గోడ తట్టి, "ఇది భూమ్మీద ఉండాదా, గాల్లో ఉండాదా, చూసి చెప్పు నాయనా" అని నన్ను వంగి పునాది చూసేదాకా వదల్లేదు.

పన్ను వసూలైంది, వాటా కట్టారు. కానీ జూన్ మా కోసం ఆగలేదు. గదులు లేచేసరికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాది మగపిల్లలు బత్తలపల్లెకు నడిచారు. రత్నతో కలిపి ఏడుగురు ఆడపిల్లలు ఇంట్లో ఉండిపోయారు. సైకిలు మీద దింపుతానంటే మా ఆవిడ అంది, "మిగతా ఆర్గుర్నీ ఎవురు దింపుతారు? వాళ్ళకు చదువు పోగొట్టి మన పిల్లను తోలుకపోతావా?" సైకిలు మళ్ళీ గోడకు చేర్చాను. రత్న ఒక మగ్గాలవాళ్ళ ఇంట్లో పట్టుదారం కండెలు చుట్టడానికి పోయింది. సాయంత్రం ఇంటికొచ్చి, "నాయనా, ఈపొద్దు అందురికన్నా నేనే ఎక్కువ చుట్టితి తెలుసునా!" అని సంబరంగా చెప్పేది. ఈ కథలో నేను పెంచి చెప్పినవి చాలా ఉన్నాయి. అది మాత్రం పెంచింది కాదు. సగానికి తగ్గించి చెప్పాను.

మరుసటి జూన్‌లో కొత్త గదుల్లో నాలుగో తరగతి మొదలైంది. వారం తిరక్కుండానే రత్న ఎగురుకుంటూ ఇంటికి వచ్చింది.

"నాయనా, సారు భలే డిక్టేషన్ చెప్పినాడు! ఎండిన ఆవు, దూడ, గృహము సైతము... ఒత్తులన్నీ దాంట్లోనే ఉండాయంట. అందురూ నవ్వితిమి. అది రాసినాయప్ప యా ఊరాయన నాయనా?"

మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి నా వైపు చూసింది.

"ముదిగుబ్బాయన అంటమ్మా" అన్నాను.

రత్న జాలిగా అంది, "పాపం, ఆ ఊర్లో బడి లేదేమో నాయనా."

అమ్మా రత్నా, నువ్విప్పుడు కొత్తచెరువు బళ్ళో పిల్లలకు పాఠాలు చెబుతున్నావు. ఇది చదువుతావని తెలిసే రాస్తున్నాను. ముదిగుబ్బ వాళ్ళకు ఏ పాపమూ తెలియదు. వాళ్ళకు నా తరఫున క్షమాపణ చెప్పు. నీకు నేను ఏం చెప్పాలో నలభై ఏళ్ళకు పైగా వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు.

కాబట్టి పాఠకమహాశయుల సమక్షంలో, మా ఊరి బడి కప్పు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరికీ సలహా ఇవ్వను. ఇచ్చినా కాయితం మీద ఇవ్వను. కాయితం మీద ఇచ్చినా సంతకం పెట్టను. ఒకవేళ చెయ్యి ఆగక సంతకం పెట్టినా, దాని కింద బి.ఏ. అని మాత్రం చచ్చినా రాయను.

ఆ ఒక్క సబ్జెక్టు ఇంకా అట్లే ఉంది.