గొంబోజావ్ మెచ్చని కారు

ఆ పొద్దున ఇంకా టీ కూడా తాగకుండానే గొంబోజావ్ సూర్యుడికి వంక పెట్టాడు. "వచ్చాడు, అనాకారి. రావడమే ఆలస్యంగా, పైగా ఉత్తచేతులతో వచ్చాడు, రవ్వంత వేడి లేదు." ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాలులోని ఆ వీధిలో అతను అనాకారి అనని వస్తువు లేదు. కొత్త కంచె అనాకారి. మొన్న వేసిన రోడ్డు అనాకారి. కుస్తీలో పతకం గెలిచొచ్చిన సొంత మేనల్లుడు అందరికంటే పెద్ద అనాకారి. బతుకంతా లారీ తోలి ఇంటిపట్టున కూర్చున్నాక, లోకంలోని తప్పులన్నీ పట్టే ఉద్యోగం తనకు తనే ఇచ్చుకున్నాడు. జీతం లేదు, సెలవూ లేదు.

పక్కింటి సువ్దాకి ఆ రోజు ఈ ఉద్యోగి కంటపడటం ఇష్టం లేదు. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది. స్పానరు పట్టడం అదే మొదలు. కారు హీటరు చల్లగాలి ఊదుతోంది. తెల్లారితే జిల్లా ఆస్పత్రికెళ్లి చెల్లెల్నీ, నాలుగు రోజుల బిడ్డనీ తీసుకురావాలి. సున్నాకి కింద ఇరవై చలిలో మూడు గంటల దారి. చెల్లెలి మొగుడు మందతో శీతాకాలపు బీళ్లకు పోయాడు. "థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది, ఇంజన్ని వేడెక్కనివ్వడం లేదు" అని చెప్పిన మెకానిక్ పై వారం రమ్మన్నాడు. ఆమె కొత్త థర్మోస్టాట్ కొనుక్కుని ఇంటికొచ్చి బానెట్ ఎత్తింది.

ఎత్తిన చప్పుడుకే కంచె మీద గొంబోజావ్ తల మొలిచింది.

"ఏం చేస్తున్నావ్?"

"థర్మోస్టాట్ మారుస్తున్నా బాబాయ్."

"నువ్వా? ఈ కారు నీకేం అపకారం చేసిందని?"

పీట తెచ్చుకుని, తోలు కోటు దగ్గరికి లాక్కుని, ఆట చూడ్డానికొచ్చినవాడిలా కంచె సందు దగ్గర కూర్చున్నాడు. సువ్దా పైపు క్లిప్పు మీద స్పానరు పెట్టింది.

"ఊ, విప్పు. ఇంజన్లోని కూలంటంతా నేలపాలు చేసి దానిమీద జారుడాట ఆడుకుందాం. కింద బేసిను పెట్టుకునేవాళ్లంతా తెలివితక్కువవాళ్లు."

ఆమె వెళ్లి బేసిను తెచ్చింది. కూలంట్ దిగాక పైపు పట్టుకుని గుంజింది.

"గుంజు, ఇంకా గుంజు. ముందు అటూ ఇటూ తిప్పితే పట్టు వదులుతుందని లారీ తోలే మొద్దులకు తెలుస్తుంది గానీ, టీచర్లకేం ఖర్మ?"

తిప్పింది. ఊడొచ్చింది.

"కాసేపు నోరు మూసుకుని చూడొచ్చుగా బాబాయ్."

"మూసుకుంటే పళ్లు గడ్డకడతాయి."

కింది బోల్టు అందక ఆమె మంచులో మోకాళ్లూనింది. గొంబోజావ్ లేచి, తన జీపు ఇంజను చలికి బిగుసుకోకుండా కప్పిన మందపాటి ఉన్ని దుప్పటి తీసి కంచె మీంచి విసిరాడు. "నీ మోకాళ్ల కోసమని మురిసిపోకు. ఈ అనాకారి దుప్పటి ఉతకాలి. ముందు పూర్తిగా మాయనీ."

పాత థర్మోస్టాట్ నోరు తెరుచుకునే బయటికొచ్చింది. కొత్తది పనిచేస్తుందో లేదో చూద్దామని సువ్దా దాన్ని కడిగి, దారం కట్టి, పొయ్యి మీద మరుగుతున్న ఉప్పు టీలో వదిలింది. చేప నోరులా తెరుచుకుంది. బయటికి తీస్తే మెల్లగా మూసుకుంది. ఆ ఆనందం ఎవరికైనా చెప్పకపోతే ఉండలేక అతనికే చెప్పింది.

"టీలోనా?"

"ఇంకో గిన్నె ఖాళీ లేదు."

"ఓ చిప్పెడు ఇలా తే." తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లకి నీ టీకో రుచంటూ వచ్చింది."

ఆమె థర్మోస్టాట్ గూట్లో పెట్టి బోల్టు అందుకుంది.

"భేషుగ్గా ఉంది. స్ప్రింగు నీ వైపు చూస్తోంది. ఇంజను మొహం చూడ్డం దానికి ఇష్టం లేనట్టుంది పాపం."

ఆమె ఆగి, తీసి, స్ప్రింగు ఇంజను వైపు తిప్పి పెట్టింది.

"దాని అంచునున్న చిన్న చిల్లు అడుగున ఉంటే లోపలి గాలి ఏ దారిన పోతుందో లెక్కలేసి చెప్పు, లెక్కల టీచరువిగా."

చిల్లు పైకి వచ్చింది. బోల్టులు బిగిశాయి. కూలంట్ పోసి మూత తీసి ఉంచి ఇంజను వేస్తే, బుడగలు వచ్చీ వచ్చీ ఆగాయి. ఇంజను వేడి చూపే సూది కదిలింది. హీటరు గాలి సువ్దా కొయ్యబారిన వేళ్లకు వెచ్చగా తగిలింది. ఆమె తలెత్తి అతనికేసి చూసింది.

"అనాకారి బోల్టులు, అనాకారి పని" అని గొంబోజావ్ పీట ఎత్తుకున్నాడు. దుప్పటి ఇవ్వబోతే ముఖం చిట్లించాడు. "మాసిందాన్ని నేనేం చేసుకోను? రాత్రికి నీ ఇంజను మీదే పడెయ్."

ఆ రాత్రి చెల్లెలు ఫోన్లో, "బాబాయ్ ఏమైనా సాయం చేశాడా?" అంది. "సాయమా, పొద్దుణ్ణించి తిట్టాడు" అని సువ్దా ఆ తిట్లన్నీ ఒక్కొక్కటే అప్పజెప్పింది. సగంలో ఆగిపోయింది. పని ఎలా చెయ్యాలో ఆ వరసలోనే ఉన్నాయి తిట్లు.

మర్నాడు మధ్యాహ్నం కారు తిరిగొచ్చేసరికి బిడ్డ టోపీ తీసేసినా చెమట పట్టి నిద్రపోతోంది. వీధివాళ్లు చేరారు. అక్కడ పసిబిడ్డని ముద్దుగా ఉందని ఎవరూ అనరు, దిష్టి తగులుతుందని. ఎంత మురిపెం ఉన్నా అందవిహీనం అనే అనాలి. తలా ఒక మాట అన్నారు. చివర గొంబోజావ్ తల దూర్చి చాలాసేపు చూశాడు.

"అబ్బ, ఎంత అనాకారి."

నిన్న బోల్టుల్ని అన్న గొంతే. సువ్దా గుర్తుపట్టింది. చెల్లెలు బిడ్డతో లోపలికి వెళ్లాక అంది, "నిన్న నా పనిని కూడా ఇలాగే అన్నావు బాబాయ్."

"అది నిజంగానే అనాకారిది."

రాత్రంతా దుప్పటి లేక అతని జీపు బిగుసుకుపోయింది. పొద్దుణ్ణించి ఎన్నిసార్లు తాళం తిప్పినా పలకలేదు. బజారు పని అలాగే ఉండిపోయింది.

"ఎక్కు బాబాయ్, దింపుతాను."

ఎక్కాడు. చేతులు హీటరు ముందు పెట్టుకున్నాడు. సందు చివరికి వచ్చేసరికి కోటు గుండీలు విప్పాడు.

"మరీ ఇంత వేడా? అనాకారి హీటరు" అని అద్దం రెండు వేళ్లంత దించాడు. చేతులు మాత్రం అక్కణ్ణించి తియ్యలేదు.

సూది సరిగ్గా మధ్యలో ఉంది.