నాన్న వీపు మీద అంకెలు

అనాటమీ వైవా ఒకసారి తప్పాను. ఎగ్జామినరు వెన్నుపూస ఒకటి చేతిలో పెట్టి "ఇదేంటి?" అంటే "ఎముకండి" అన్నాను. ఆయన కాదనలేదు, మార్కులు మాత్రం వేయలేదు. ఈసారీ తప్పితే ఫిజియోథెరపీ రెండో ఏడాదికి పోనివ్వరు. వైవా రేపనగా నాకు కూర్చుంటే నిలబడాలనీ, నిలబడితే పడుకోవాలనీ అనిపించడం మొదలైంది.

అంతకుముందే సీనియర్ని అడిగి ఎముకల సెట్టు తెచ్చుకున్నాను. పూసలన్నీ పురికొసకు దండలా గుచ్చి ఉన్నాయి. అమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఎవరివిరా అవి?"

"కాలేజీవే."

"కాలేజీకి ఎముకలుంటాయా? ఎవరో మహానుభావుడివి. ఎక్కడ తెచ్చావో అక్కడ పెట్టిరా, పో."

పెట్టొచ్చాను. ఇక ఇంట్లో నోరెత్తని వెన్నెముక నాన్నది ఒక్కటే.

నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. మిరపకాయలు కూరిన గోనెసంచిని అక్కడ టిక్కీ అంటారు. నేను పుట్టకముందు నుంచీ వాటిని మోస్తున్నాడు. పొద్దున్నే ఆయన్ను చొక్కా లేకుండా పీట మీద కూర్చోబెట్టి తల వంచమన్నాను. మెడ కింద బొడిపెలా లేచేది ఏడో మెడపూస. దాని కింద ఛాతీ పూసలు పన్నెండు, ఒక్కోదానికి అటూ ఇటూ పక్కటెముక. తడుముతూ, మార్కరుతో అంకెలు వేస్తూ దిగాను. పక్కటెముకల్లో పై ఏడు జతలు ముందు రొమ్ముటెముకకు నేరుగా అతుక్కుంటాయి. తర్వాతి మూడు పైవాటిని పట్టుకుని వేలాడతాయి. చివరి రెండూ ముందువైపు ఎవరినీ పట్టుకోవు. మా బాబాయిల వరసా దాదాపు ఇదే.

ఆ కింద నడుము పూసలు ఐదు, అంకెలు మళ్లీ ఒకటి నుంచి. నాలుగోదాన్ని నొక్కగానే నాన్న ముందుకి తూలాడు.

"ఏంటి నాన్నా?"

"చక్కిలిగిలి."

నాన్నకి చక్కిలిగిలి ఉందని అప్పుడే తెలిసింది. సరదాగా నాలుగు అంకె కాస్త పెద్దదిగా వేశాను.

స్నానంతో పోతుందని చెప్పాను. పోలేదు. చెరగని మార్కరని దాని మీదే రాసి ఉంది. చదివే అలవాటుంటే వైవా ఎందుకు తప్పుతాను?

మధ్యాహ్నం ఇంట్లో కాలు నిలవక, నాన్న క్యారియరు నేనే పట్టుకెళ్లాను. యార్డు గేటు దగ్గరే దగ్గు అందుకుంది. షెడ్డులో నాన్న చొక్కా విప్పి ఉన్నాడు. ఆయనతో మోసే హమాలీల ముఠా అంతా ఆయన వీపు చుట్టూ మూగింది. అమ్మకానికొచ్చిన సరుక్కి సంచి మీద సిరాతో లాటు నంబరు వేయడం అక్కడి పద్ధతి.

"ఏం బావా, నిన్నూ వేలానికి పెట్టారా?"

"మేలుకాయా, తాలుకాయా?"

నేనూ ఊరుకోలేదు. "చూసి కొను మామా, వాపసు తీసుకోం" అన్నాను. అందరూ నవ్వారు. ముఠా పెద్ద కూడా నవ్వుతూ, సరుకు చూసినట్టే ఆ పెద్ద నాలుగు మీద బొటనవేలితో నొక్కాడు.

నాన్న మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఎన్నాళ్ల నుంచిరా?" ముఠా పెద్ద వంగి మెల్లగా అడిగాడు.

"చక్కిలిగిలి, అన్నా."

"నాకు చెప్పమాక. ఎన్నాళ్లు?"

"సీజను మొదట్నుంచీ."

మోయలేనివాడికి ముఠాలో చోటుండదు. ఇన్నాళ్లూ అందుకే దాచాడు. దాన్ని నేను నంబరు వేసి మరీ చూపించాను.

"డాక్టరు సరేననేదాకా టిక్కీ ముట్టుకోమాక. మూతులు కుట్టు" అని ముఠా పెద్ద దబ్బనం చేతికిచ్చాడు. నిండిన సంచుల మూతులు కుట్టడం ముసలివాళ్ల పని. నాన్న నా వైపు చూడకుండా అందుకున్నాడు.

మర్నాడు వైవా గట్టెక్కాననుకోండి. యార్డు నుంచి వచ్చిన ఆ సాయంత్రం మాత్రం కొబ్బరినూనె, గుడ్డపేలిక తీసుకుని నాన్న వెనక కూర్చున్నాను. మెడ నుంచి ఒక్కో అంకే చెరుపుతూ దిగాను. నడుములో మూడో అంకె దాటేసరికి నాన్న చెయ్యి వెనక్కి తెచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆ నాలుగు ఉంచరా. నొప్పి ఎక్కడో డాక్టరుకి చెప్పడం నాకు రాదు."

నాలుగుని అలాగే వదిలేశాను. మిగిలింది ఐదో అంకె, అది చెరిపాను.