పెద్దగారు వదలనిది

ఆకివీడులో చేపల చెరువులున్న మా సంఘపెద్దగారు ప్రతి ఆదివారం చర్చిలో సాక్ష్యానికి లేచి, "ప్రభువు కృపవల్ల ఇంకొకటి వదిలేశానండీ" అనేవారు. పేకాట పోయింది, టీవీ పోయింది, తాగే స్నేహితులూ పోయారు. కూరలో ఉప్పు తగ్గితే కంచం విసిరే కోపం మాత్రం పోలేదు. పాస్టరుగారు అడిగితే, "అది మా నాన్నగారి పోలికండీ" అన్నారు, కాస్త గర్వంగానే.

ఒక ఆదివారం ఆయన భార్య లేచారు.

"నేనూ చెడు సావాసం వదిలేస్తున్నానండీ. భీమడోలులో మా అక్కయ్య దగ్గరుంటాను. ఈయన కోసం అక్కడే ప్రార్థన చేస్తాను."

ఆవిడ సంచి తీసుకుని వెళ్లిపోయారు.

వారం తిరక్కుండా పెద్దగారు బస్సెక్కి భీమడోలు వెళ్లారు. గుమ్మంలో నిలబడి, జన్మలో మొదటిసారి, "తప్పు నాదే" అన్నారట.

ఆవిడ లోపలికి రమ్మనలేదు. అరుగు మీద కుర్చీ వేసి, "ముందు ఇక్కడ కూర్చోండి, చూద్దాం" అన్నారట.