ఆవిడ బల్బు వెలిగాకే

కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరమ్మ పోయిన వారం కన్నుమూశారు. పొద్దున పాలతను తలుపు కొట్టి కొట్టి, చివరికి పైకి వచ్చి నన్ను పిలిచాడు. ఇంత పెద్ద బెంగుళూరులో నన్ను ‘తిన్నావా’ అని అడిగే మనిషి ఇక లేరు.

ఆవిడా ఒంటరే, నేనూ ఒంటరే. తొంభైల చివర్లో నేను కంప్యూటర్ కొంటే, ఆయుధ పూజకు మెట్లెక్కి వచ్చి మరీ దానికి బొట్టు పెట్టారు. అది సరిగ్గా స్విచ్ మీదే పెట్టారు. చాలా రోజులు నా వేలికి కుంకుమ అంటుతూనే ఉండేది.

ఒక వేసవి సాయంత్రం, పోయిన కరెంటు ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీతో వచ్చింది. బల్బులు తెల్లగా మండాయి. కంప్యూటర్ లోపల టప్పుమంది, కాలిన వాసన. అమ్మ పోయే ముందు ఏడాది నా దగ్గరికి వచ్చినప్పుడు మైకులో మాట్లాడించి దాచుకున్నాను. ఆ గొంతు అందులో తప్ప ఇంకెక్కడా లేదు.

మర్నాడు చిక్కపేట దగ్గరి సందుల్లో తిరిగి, కొత్త పవర్ సప్లై తెచ్చి బిగించాను. ఫ్యాన్ తిరిగింది కానీ తెర నల్లగానే ఉంది. లోపలి ర్యామ్ ఊడదీసి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. ఓనరమ్మ పక్కన పీట వేసుకుని టార్చి పట్టారు.

“స్వల్ప నిదానంగా చెయ్యప్పా, యాడికీ పోదు” అంటూనే ఉన్నారు.

చివరికి తెర వెలిగింది. వెతికి ఆ రికార్డింగు పెట్టాను. అమ్మ నవ్వుతూ అడిగింది: “ఇందులో మాట్లాడితే ఎవరు వింటారురా?”

“నేను వింటాండాను లేమ్మా” అన్నారు ఓనరమ్మ, స్పీకర్ వైపు వంగి.

నాకు ఏడుపు ఆగలేదు.

ఆ రోజు నుంచి కాపలా ఆవిడదే. కరెంటు పోగానే నేను ప్లగ్ పీకేయాలి. వచ్చాక ముందు ఆవిడ తన వరండా బల్బు వేసి, అది నిలకడగా వెలుగుతోందని చూసుకుని, మెట్ల కింద నుంచి కేక వేసేవారు: “ఇప్పుడు వేసుకోప్పా!” స్టెబిలైజర్ కొన్నానని చెప్పినా వింటేనా!

“నా బల్బు పోతే ఇంకోటి ఉండాది. నీ మిషన్లో మీ అమ్మ ఉండాది” అనేవారు.

నిన్న సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. వీధంతా వెలిగింది. ప్లగ్ పెట్టకుండా వెళ్లి మెట్ల దగ్గర నిలబడ్డాను. కింద వరండా చీకటిగానే ఉంది.